కారు బ్యాటరీ టెర్మినళ్లు: టాప్ పోస్ట్, సైడ్ పోస్ట్

బ్యాటరీలోని కరెంటు కేబుల్‌లోకి దాటే చోటును టెర్మినల్ అంటారు. ప్రతి కారు బ్యాటరీకీ ఇవి రెండు: ఒకటి ప్లస్, ఒకటి మైనస్. వీటిని అమర్చే తీరును బట్టి కారు బ్యాటరీల్లో రెండు ముఖ్యమైన రకాలు ఏర్పడ్డాయి. టాప్ పోస్ట్ రకంలో బ్యాటరీ నెత్తిన రెండు సీసపు దిమ్మెలు పొట్టి కొమ్ముల్లా నిలబడి ఉంటాయి. కేబుల్ చివరి క్లాంపును వాటికి తొడిగి నట్టు బిగిస్తారు. సైడ్ పోస్ట్ రకంలో నెత్తి మీద ఏమీ ఉండదు. పెట్టె పక్క గోడలో, పై అంచుకు కాస్త దిగువన, రెండు గుండ్రటి సీసపు బిళ్లలు, వాటి నడుమ మరలు చెక్కిన రంధ్రాలు ఉంటాయి. కేబుల్ చివరి బోల్టును ఆ రంధ్రంలోకి తిప్పి బిగిస్తారు.

మొదటి రకం ప్రపంచమంతటా ఉంది. రెండోది అమెరికాలో, ముఖ్యంగా జనరల్ మోటార్స్ వాహనాల్లో వేళ్లూనుకుని, అక్కడే దాదాపు నాలుగు దశాబ్దాలు నడిచి, అక్కడే వెనకబడింది. ఆంధ్రప్రదేశ్‌లోనో తెలంగాణలోనో ముప్పై ఏళ్లు కార్లు బాగుచేసిన మెకానిక్‌కు కూడా సైడ్ పోస్ట్ బ్యాటరీ ఒక్కసారైనా చేతికి రాకపోవచ్చు. చదువుకోసం అమెరికా వెళ్లి, పాత షెవర్లేనో పాంటియాక్‌నో కొనుక్కున్న తెలుగు విద్యార్థికి మాత్రం మొదటి చలికాలంలోనే దానితో పరిచయం కలిగే అవకాశం ఉంది. బండి స్టార్ట్ కాదు, పక్కవారి జంపర్ కేబుల్ తీసుకుని బానెట్ ఎత్తుతారు, తీరా క్లిప్పు పెట్టడానికి కొమ్మే కనిపించదు.

అతుకు దగ్గర జరిగేది

ఈ రెండు రకాలను పోల్చే ముందు టెర్మినల్ మీద ఎంత భారం పడుతుందో చూడాలి. చిన్న పెట్రోల్ కారులో సెల్ఫ్ మోటారు ఇంజన్‌ను తిప్పేటప్పుడు 100 నుంచి 200 ఆంపియర్ల దాకా లాగుతుంది. ఇంజన్ కదలడం మొదలుపెట్టే తొలి క్షణంలో ఇంకా ఎక్కువే. ఇంట్లో ఏసీ కోసం పెట్టుకునే 16 ఆంపియర్ల ప్లగ్గుతో పోలిస్తే ఇది ఆరు నుంచి పన్నెండు రెట్లు. ఇంత కరెంటూ సీసానికీ క్లాంపుకూ మధ్య ఉన్న అతుకు గుండానే పోవాలి.

ఆ అతుకులో ఒక్క మిల్లీ ఓమ్ అడ్డు ఉంటే 200 ఆంపియర్ల దగ్గర 0.2 వోల్టు అక్కడే పోతుంది, 40 వాట్ల వేడి పుడుతుంది. అడ్డు 10 మిల్లీ ఓములకు పెరిగితే అంత కరెంటు నడవడానికి 2 వోల్టులు అతుకు దగ్గరే ఖర్చు కావాలి. సెల్ఫ్ కొట్టేటప్పుడు బ్యాటరీ ఎలాగూ 10 వోల్టుల చుట్టుపక్కలకు దిగుతుంది. అందులోంచి మరో రెండు పోతే మోటారు మూలుగుతుంది తప్ప తిరగదు. సెల్ఫ్ కొట్టనప్పుడు మాత్రం హెడ్‌లైట్లు చక్కగా వెలుగుతాయి, హారన్ మోగుతుంది. వాటికి కావలసింది నాలుగైదు నుంచి పది ఆంపియర్లే కాబట్టి ఆ పాడైన అతుకులో వాటికి పోయేది మహా అయితే పదో వంతు వోల్టు. లైటు వెలుగుతున్నా సెల్ఫ్ టక్ మని ఆగిపోతుంటే బ్యాటరీని తిట్టుకునే ముందు టెర్మినల్ చూడాలని అనుభవం ఉన్న మెకానిక్ అనేది అందుకే.

టెర్మినల్‌ను సీసంతోనే ఎందుకు చేస్తారన్నది సహజంగా వచ్చే ప్రశ్న. సీసం రాగితో పోలిస్తే కరెంటును దాదాపు పన్నెండు రెట్లు తక్కువగా ప్రవహింపజేస్తుంది. కానీ బ్యాటరీలోని గంధకామ్లం రాగిని తినేస్తుంది. సీసాన్ని తాకితే మాత్రం పైన సన్నటి సల్ఫేటు పొర కట్టి ఆగిపోతుంది. పైగా సీసం మెత్తన. గోటితో గీస్తే గీత పడేంత మెత్తన. ఈ మెత్తదనమే టాప్ పోస్టుకు వరమైంది, సైడ్ పోస్టుకు శాపమైంది. రెండు రకాల కథ మొత్తం ఇక్కడి నుంచే నడుస్తుంది.

టాప్ పోస్ట్

ఫ్రాన్స్‌కు చెందిన గాస్టన్ ప్లాంటే 1859లో లెడ్ ఆసిడ్ బ్యాటరీని కనిపెట్టాడు. కారులో దానికి శాశ్వతమైన చోటు దొరికింది 1912లో. ఆ ఏడాది కాడిలాక్ కార్లకు చార్లెస్ కెటరింగ్ రూపొందించిన ఎలక్ట్రిక్ సెల్ఫ్ స్టార్టర్ వచ్చింది. అంతకుముందు ఇంజన్‌ను చేతితో హ్యాండిల్ తిప్పి లేపేవారు. హ్యాండిల్ వెనక్కి తన్ని చేతులు విరగడం మామూలుగా ఉండేది. కెటరింగ్ నెలకొల్పిన డెల్కో సంస్థ తర్వాత జనరల్ మోటార్స్‌లో భాగమైంది. సైడ్ పోస్టును మార్కెట్‌లోకి తెచ్చింది కూడా ఆ డెల్కో వంశమే.

తొలినాటి బ్యాటరీ గట్టి రబ్బరు పెట్టె. సెల్‌కూ సెల్‌కూ మధ్య సీసపు పట్టీలు పైకే కనిపించేవి. సందుల్ని తారు లాంటి పదార్థంతో మూసేవారు. చివరి సెల్స్ నుంచి పైకి పొడుచుకొచ్చిన దిమ్మెలే టెర్మినళ్లు. బ్రిటిష్ కార్లలో చాలాకాలం లూకస్ కంపెనీ టోపీ లాంటి కనెక్టర్ వాడుకలో ఉండేది. దాన్ని దిమ్మె మీద బోర్లించి, పైనుంచి ఒక స్క్రూ సీసంలోకి దించేవారు. ఆ పద్ధతి పోయి, చీలిక ఉన్న క్లాంపును చుట్టూ తొడిగి అడ్డంగా బోల్టు బిగించే పద్ధతి నిలబడింది.

చూడ్డానికి మామూలు దిమ్మెలాగే ఉన్నా టాప్ పోస్టులో చక్కని ఆలోచన ఉంది. అది నిలువు స్తంభం కాదు, అడుగున లావుగా, పైకి పోయేకొద్దీ సన్నగా ఉండే శంఖువు ముక్క. ప్రమాణం ప్రకారం ప్రతి 9 మిల్లీమీటర్ల ఎత్తుకు వ్యాసం ఒక మిల్లీమీటరు తగ్గుతుంది. క్లాంపు లోపలి వైపు కూడా ఇదే వాలు ఉంటుంది. అందుకే కిందికి నొక్కేకొద్దీ క్లాంపు కూర్చుంటుంది. రోకలికి పొన్ను దిగినట్టు దిగి, బోల్టు బిగించగానే మెత్తటి సీసం క్లాంపు ఆకారానికి ఒదిగిపోతుంది. చుట్టూతా తాకే వైశాల్యం సుమారు 8 చదరపు సెంటీమీటర్లు.

రెండో ఆలోచన ఇంకా విలువైనది. ప్లస్ దిమ్మె మైనస్ కన్నా లావు. అమెరికా ప్రమాణంలో పై అంచు దగ్గర ప్లస్ వ్యాసం 17.5 మిల్లీమీటర్లు, మైనస్ 15.9. యూరప్ ప్రమాణంలో అడుగు దగ్గర కొలిచి 19.5, 17.9 అని చెబుతారు. కొలిచే చోటు వేరు గానీ దిమ్మెలు దాదాపు అవే. జపాన్ చిన్న కార్ల దిమ్మెలు మాత్రం బాగా సన్నం: అడుగున 14.7, 13 మిల్లీమీటర్లు. ఏ దేశపుదైనా ప్లస్, మైనస్‌ల మధ్య తేడా ఒకటిన్నర మిల్లీమీటర్ల పైనే. మైనస్ క్లాంపు ప్లస్ దిమ్మె మీదికి పూర్తిగా దిగదు, ప్లస్ క్లాంపు మైనస్ దిమ్మె మీద వదులుగా ఆడుతుంది. చీకట్లో, హడావిడిలో తిరగేసి బిగించబోయినా చేయి వెంటనే పసిగడుతుంది. తిరగేసి కలిపితే ఆల్టర్నేటర్‌లోని డయోడ్లు క్షణంలో కాలిపోతాయి కాబట్టి ఈ చిన్న తేడా ఏటా ఎన్నో బండ్లను కాపాడుతోంది.

టాప్ పోస్టుకు లోపాలు లేకపోలేదు. ప్లస్ కొమ్ము బహిరంగంగా నిలబడి ఉంటుంది. దాని మీద స్పానర్ పడి, రెండో కొస బాడీని తాకితే నిప్పులు రాలుతాయి, స్పానర్ అక్కడే అతుక్కుపోవచ్చు. చేతికి ఉంగరమో లోహపు గడియారమో ఉంటే ప్రమాదం ఇంకా పెద్దది. రెండోది, బ్యాటరీ వాయువులు బయటికొచ్చే మూతల పక్కనే దిమ్మెలు ఉండటంతో ఆమ్లపు తుంపర నేరుగా వాటి మీదే పడుతుంది. మూడోది ఎత్తు. దిమ్మె, దాని పై క్లాంపు, ఆ పైన బానెట్‌కు తగలకుండా వదలాల్సిన జాగా, అన్నీ కలిపి ఇంజన్ గదిలో చోటు తింటాయి.

సైడ్ పోస్ట్

ఈ మూడు లోపాలకూ కలిపి వచ్చిన జవాబే సైడ్ పోస్ట్. 1960ల చివర, 1970ల మొదట్లో డెల్కో రెమీ తయారీగా ఇది జనరల్ మోటార్స్ కార్లలోకి వచ్చింది. షెవర్లే, పాంటియాక్, బ్యూయిక్, ఓల్డ్స్‌మొబైల్, కాడిలాక్ అన్నింటిలోనూ పాకింది. 1970ల్లోనే నీళ్లు పోయనక్కరలేని, మూతలు లేని ఫ్రీడమ్ బ్యాటరీని ఆ సంస్థ తెచ్చింది. పైభాగం నున్నగా, కొమ్ముల్లేకుండా, మూతల్లేకుండా ఉన్న ఆ నల్లటి పెట్టె అప్పటి కొనుగోలుదారుకు ఎంతో కొత్తగా కనిపించి ఉండాలి.

ఆలోచన మంచిదే. టెర్మినల్ పక్క గోడలోకి పోయింది కాబట్టి ఎత్తు తగ్గింది. పైన ఏదైనా పనిముట్టు పడినా షార్ట్ అయ్యే భయం తగ్గింది. కేబుల్ చివర రబ్బరు తొడుగులోనే ఉంటుంది కనుక బిగించాక బోల్టు తల తప్ప లోహం బయటికి కనిపించదు. వాయువులు వెలువడే చోటికీ అతుకుకూ దూరం పెరిగి, ఆమ్లపు తుంపర తగలడం తగ్గింది. కొత్తగా ఉన్నన్నాళ్లూ, నేర్పున్న చేతుల్లో ఉన్నన్నాళ్లూ సైడ్ పోస్ట్ అతుకు శుభ్రంగా, ఏళ్ల తరబడి పనిచేస్తుంది. దీన్ని మెచ్చుకునే పాత అమెరికన్ మెకానిక్‌లు ఇప్పటికీ ఉన్నారు, వారి మాటలో న్యాయముంది.

దాన్ని విప్పి చూస్తే బలహీనత ఎక్కడుందో తెలుస్తుంది. ఎర్ర రబ్బరు తొడుగు మధ్యలోంచి బోల్టు తల ఒక్కటే బయటికి కనిపిస్తుంది. దాని కొలత 5/16 అంగుళం, అంటే మన ఎనిమిదో నంబరు స్పానర్ దాదాపు సరిపోతుంది. బోల్టు తిప్పి లాగితే కేబుల్ చివరి ఉంగరం బయటపడుతుంది. దాని వెనక బ్యాటరీ గోడలో సీసపు బిళ్ల, మధ్యలో 3/8 అంగుళం వ్యాసం, అంగుళానికి 16 మరలు ఉన్న రంధ్రం. కరెంటులో ఎక్కువ భాగం ఉంగరం ముఖం సీసపు బిళ్లను తాకే చోటు నుంచే పోతుంది. బోల్టు చేయాల్సిన అసలు పని ఆ రెండింటినీ గట్టిగా అదిమి ఉంచడం. ఉక్కు బోల్టు అదిమే ఆ బలమంతా మెత్తటి సీసపు మరల మీద పడుతుంది.

వదులుగా ఉందేమోనని ఇంకో పావు చుట్టు బలంగా తిప్పితే సీసపు మరలు అరిగి బోల్టుతో పాటు ఊడొస్తాయి. ఆ తర్వాత బోల్టు ఎంత తిప్పినా తిరుగుతూనే ఉంటుంది, బిగియదు. అమెరికా బ్యాటరీ పరిశ్రమ సాధారణంగా సూచించే బిగింపు సైడ్ పోస్టుకు 70 నుంచి 90 అంగుళ పౌండ్లు, అంటే సుమారు 8 నుంచి 10 న్యూటన్ మీటర్లు. పొడుగు పిడి ఉన్న రాట్చెట్‌తో మోచేతి బలం పెడితే ఈ హద్దు తెలియకుండానే దాటిపోతుంది. టాప్ పోస్టుకు చెప్పేది 50 నుంచి 70 అంగుళ పౌండ్లే అయినా, అక్కడ అతిగా బిగించినప్పుడు ముందు వంగేది, విరిగేది క్లాంపు. క్లాంపు మార్చుకోవచ్చు. సైడ్ పోస్టులో చెడేది బ్యాటరీయే. అరిగిన మరలకు కొంచెం లావైన బోల్టులు అమ్ముతారు గానీ అది గండం గట్టెక్కించే ఏర్పాటు మాత్రమే.

పొడుగు బోల్టుతో ఇంకో చిక్కు. ఆంప్లిఫయర్‌కో, వించ్‌కో అదనపు కేబుల్ కలపాలనుకున్నవారు టాప్ పోస్టులో అయితే క్లాంపు బోల్టుకే చేర్చుకుంటారు. సైడ్ పోస్టులో రెండు ఉంగరాలు ఒకదాని మీద ఒకటి పెట్టి పొడుగు బోల్టు వాడతారు. రంధ్రానికి లోతు తక్కువ. బోల్టు కొస లోపలి అడుగును తాకితే చేతికి బిగిసినట్టే అనిపిస్తుంది గానీ ఉంగరం వదులుగానే ఉంటుంది. ఇంకా బలం పెడితే అడుగు చిల్లుపడి ఆమ్లం కారే ప్రమాదం ఉంది.

ధ్రువాల సంగతిలో కూడా సైడ్ పోస్ట్ ఒక రక్షణ కోల్పోయింది. ప్లస్, మైనస్ రెండింటి రంధ్రాలూ ఒకే కొలత. ఏ బోల్టు ఎందులోనైనా దిగుతుంది. ఎరుపు, నలుపు రంగులు, కేబుల్ పొడవు, పెట్టె మీద అచ్చైన గుర్తులు, ఇవే కాపలా. టాప్ పోస్టులో చేయి పట్టుకునే తప్పును ఇక్కడ కన్ను పట్టుకోవాలి.

చిలుము: కనిపించేది, కనిపించనిది

టెర్మినళ్లను పాడుచేసే పెద్ద శత్రువు చిలుము. చార్జింగ్ సమయంలో బ్యాటరీలోంచి వెలువడే వాయువులతో పాటు గంధకామ్లపు సన్నటి తుంపర వస్తుంది. దిమ్మె అడుగున సీసానికీ ప్లాస్టిక్ మూతకూ మధ్య సీలు వదులైతే ఆమ్లం నేరుగా పైకి పాకుతుంది. సీసం మీద తెల్లటి పొడి కడుతుంది, అది లెడ్ సల్ఫేటు. క్లాంపులోని, కేబుల్‌లోని రాగిని తాకిన చోట నీలి ఆకుపచ్చ రంగు పూత వస్తుంది, అది కాపర్ సల్ఫేటు. రైతులు బోర్డో మిశ్రమం కోసం కొనే మైలుతుత్తమే ఇది. ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నవారిలో దీన్ని చూడనివారు తక్కువ.

టాప్ పోస్టు మీద ఈ చిలుము పువ్వులా పూసి కనిపిస్తుంది. ఇది దాని లోపమని చాలామంది అనుకుంటారు. నా లెక్కలో ఇదే దాని గొప్ప గుణం, ఎందుకంటే బానెట్ ఎత్తగానే జబ్బు కళ్లబడుతుంది. గోరువెచ్చటి నీళ్లలో వంట సోడా కలిపి పోస్తే బుసబుసమని నురగ వచ్చి ఆమ్లం విరిగిపోతుంది. క్లాంపు విప్పి, లోపలి వైపునూ దిమ్మెనూ వైరు బ్రష్‌తో మెరిసేదాకా రుద్ది, తుడిచి, బిగించాక పైన పెట్రోలియం జెల్లీ పలచగా పూస్తే మళ్లీ పట్టడానికి సమయం పడుతుంది. సోడా నీళ్లు బ్యాటరీ మూతల సందుల్లోంచి లోపలికి పోకుండా చూసుకోవాలి, లోపలి ఆమ్లం కూడా విరిగిపోతుంది కాబట్టి. జెల్లీని బిగించాకే పూయాలి. ముందే పూసి బిగించేవారు కొందరున్నారు గానీ అతుకులో సీసానికీ లోహానికీ మధ్య అడ్డు లేకుండా ఉండటమే మేలు.

సైడ్ పోస్టులో చిలుము తక్కువ పడుతుంది. పట్టినప్పుడు మాత్రం రబ్బరు తొడుగు లోపల పడుతుంది. గోడలోని సీలు పాతబడి ఆమ్లం చెమ్మగా బయటికొస్తే తొడుగు దాన్ని ఆరనివ్వదు. అది రాగి పోగుల వెంట, దీపపు వత్తి నూనె పీల్చినట్టు, ఇన్సులేషన్ కింద జానెడు దూరం దాకా పాకుతుంది. బయట చూస్తే ఎర్ర కేబుల్ కొత్తదానిలా ఉంటుంది. కోసి చూస్తే లోపల రాగి పచ్చగా, పొడిగా రాలుతుంది. బ్యాటరీ మార్చి, సెల్ఫ్ మోటారు మార్చి, చివరికి రబ్బరు తొడుగు విప్పిన యజమానులు జనరల్ మోటార్స్ కార్ల లోకంలో కొల్లలు.

దాగిన చిలుమును పట్టుకోవడానికి మల్టీమీటర్ చాలు. మీటరును డీసీ వోల్టుల మీద పెట్టి, ఒక మొనను దిమ్మె నడినెత్తిన, రెండోదాన్ని క్లాంపు మీద ఆనించి, ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనాలి. మంచి అతుకులో 0.1 వోల్టు కూడా చూపించదు. 0.2 దాటితే విప్పి శుభ్రం చేయాల్సిందే. ఈ పరీక్ష టాప్ పోస్ట్ మీద అర నిమిషం పని. సైడ్ పోస్టులో సీసపు బిళ్ల ఉంగరం వెనక దాగి ఉంటుంది. మొన ఆనించగలిగేది బోల్టు తల మీదనే. అక్కడి కొలత పూర్తిగా నమ్మదగింది కాదు. ఇదే కారణంగా సైడ్ పోస్ట్ బ్యాటరీని బయట చార్జ్ చేయాలన్నా, లోడ్ పరీక్ష చేయాలన్నా ఉత్త ఉక్కు బోల్టుకు క్లిప్పు తగిలించకుండా, సీసపు అడాప్టర్ కొమ్ములను రంధ్రాల్లో బిగించి పరీక్షించమని చెబుతారు.

జంప్ స్టార్ట్

బ్యాటరీ డౌన్ అయినప్పుడు టాప్ పోస్టే సులువు, ఇందులో వాదనకు చోటు లేదు. క్లిప్పు పళ్లు కొమ్మును నిండుగా పట్టుకుంటాయి. సైడ్ పోస్టులో బోల్టు తల చిన్నది, చుట్టూ రబ్బరు, పక్కనే బాడీ రేకు. క్లిప్పు జారి రేకును తాకితే షార్ట్. దీన్ని గుర్తించి జనరల్ మోటార్స్ చాలా మోడళ్లలో ఇంజన్ గదిలో వేరే చోట ఎర్ర మూత కింద ప్లస్ కొమ్మును ప్రత్యేకంగా ఏర్పాటు చేసింది. అది ఎక్కడుందో బండి మాన్యువల్ చెబుతుంది. అది లేని బండ్లకు కొమ్ములా పొడుచుకొచ్చే బోల్టులు విడిగా దొరుకుతాయి.

రెండు రకాలకూ వర్తించే జాగ్రత్తలు ఒకటే. ముందు ఎరుపు ఎరుపుకు కలపాలి. నలుపు ఒక కొసను సాయం చేసే బండి మైనస్‌కు, రెండో కొసను మన బండి బ్యాటరీకి దూరంగా ఇంజన్ లోహానికి తగిలించాలి. చివరి కలయిక దగ్గర నిప్పురవ్వ తప్పదు. బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ ఉంటుంది, గాలిలో దాని వంతు 4 శాతానికి చేరితే రవ్వ సోకగానే పేలుతుంది. ఆమ్లంతో నిండిన పెట్టె మొహం దగ్గర పేలితే ఏం జరుగుతుందో వేరే చెప్పక్కరలేదు.

విప్పేటప్పుడు ముందు మైనస్, బిగించేటప్పుడు చివర మైనస్. బాడీ మొత్తం మైనస్‌కు కలిసి ఉంటుంది కనుక, మైనస్ ఉండగా ప్లస్ విప్పబోతే స్పానర్ బాడీని తాకిన క్షణంలో షార్ట్ అవుతుంది. మైనస్ ముందే తీసేస్తే ఆ దారి తెగిపోతుంది.

రెండూ ఉన్న బ్యాటరీలు

అమెరికాలో బ్యాటరీ పెట్టె కొలతలను గ్రూపు నంబర్లతో చెబుతారు. 34 టాప్ పోస్ట్, 78 దాదాపు అదే కొలతల్లో సైడ్ పోస్ట్. రెంటినీ వేర్వేరుగా నిల్వ పెట్టుకోవడం దుకాణాలకు భారమై, రెండు రకాల టెర్మినళ్లూ ఉన్న 34/78 బ్యాటరీలు వచ్చాయి. ఆప్టిమా రెడ్ టాప్ వీటిలో పేరున్నది. ఏది వాడినా లోపలి పలకలు అవే, శక్తి అదే. సైడ్ పోస్ట్ బ్యాటరీకి సత్తువ తక్కువ అనే అపోహకు ఈ పెట్టె ఒక్కటే చాలినంత సమాధానం. చలిలో సెల్ఫ్ కొట్టే శక్తిని, అంటే మైనస్ 18 డిగ్రీల సెల్సియస్ దగ్గర 30 సెకన్ల పాటు 7.2 వోల్టులకు దిగకుండా ఇవ్వగల ఆంపియర్లను, నిర్ణయించేది పలకలే. టెర్మినల్ ఆ శక్తిని పెంచదు. అతుకు సరిగా లేకపోతే మాత్రం తగ్గిస్తుంది.

ఇలాంటి బ్యాటరీని సైడ్ పోస్ట్ బండిలో పెడితే వాడని పైకొమ్ములకు ప్లాస్టిక్ టోపీలు తప్పనిసరి. ఆ బండి బానెట్ కొమ్ముల ఎత్తును లెక్కలోకి తీసుకుని చేసింది కాదు.

సైడ్ పోస్ట్ ఎందుకు తగ్గింది

యూరప్‌లోని తన ఓపెల్ కార్లలో జనరల్ మోటార్స్ స్వయంగా టాప్ పోస్టే వాడింది. భారత్‌లో అమ్మిన షెవర్లే స్పార్క్, బీట్‌లకూ టాప్ పోస్టే. ఒకే ప్లాట్‌ఫాం మీద పలు దేశాలకు కార్లు చేసే కాలం వచ్చాక ఒక్క ఉత్తర అమెరికా కోసం వేరే టెర్మినల్ ఉంచడంలో లాభం లేకపోయింది. ఈలోగా యూరప్ బ్యాటరీలు ఎత్తు సమస్యను ఇంకోలా తీర్చాయి. మూత మూలల్లో గుంట చేసి, కొమ్మును అందులో నిలబెట్టి, మూత మట్టం కన్నా పైకి రాకుండా చేశాయి. బండి ఆగినప్పుడు ఇంజన్‌ను తానే ఆపి మళ్లీ లేపే స్టార్ట్ స్టాప్ కార్లలో మైనస్ క్లాంపులోనే కరెంటును కొలిచే సెన్సర్ వచ్చి ఆ గుంటలో ఇమిడిపోయింది. ప్లస్ క్లాంపు మీద ఫ్యూజుల పెట్టె ఎక్కింది. ఇన్నింటిని మోయడానికి గట్టి దిమ్మె కావాలి, సీసపు మరలు కావు. 2010లు గడిచేసరికి జనరల్ మోటార్స్ కొత్త మోడళ్లు చాలా వరకు టాప్ పోస్టుకు మారాయి. పాత బండ్ల కోసం 75, 78 గ్రూపుల సైడ్ పోస్ట్ బ్యాటరీలు ఇంకా తయారవుతున్నాయి.

మన దగ్గర

తిరుపతి కేంద్రంగా పనిచేసే అమరరాజా సంస్థ అమరాన్ పేరుతో చేసే బ్యాటరీలతో సహా, మన దేశంలో కార్లకు అమ్మేవన్నీ దాదాపు టాప్ పోస్టులే. అలాగని టెర్మినల్ చిక్కులు లేవనుకోకూడదు. ఇక్కడి చిక్కు పైనా పక్కా అన్నది కాదు, లావూ సన్నమూ అన్నది. మారుతి వంటి కార్ల చిన్న బ్యాటరీలకు జపాన్ తరహా సన్న కొమ్ములు. ఫోక్స్‌వాగన్, స్కోడా వంటి యూరప్ కార్లకు లావు కొమ్ములు. 38బి20ఎల్ లాంటి కోడ్‌లో బి అన్నది పెట్టె వెడల్పు ఎత్తుల తరగతి, 20 అన్నది సెంటీమీటర్లలో పొడవు, చివరి అక్షరం ప్లస్ కొమ్ము ఏ పక్కన ఉందో చెప్పే గుర్తు. ఆ అక్షరం చూడకుండా కొంటే బ్యాటరీ పళ్లెంలో కూర్చుంటుంది గానీ కేబుల్ అందదు.

సన్న కొమ్ముకు లావు క్లాంపు వచ్చిపడ్డప్పుడు మన షెడ్లలో జరిగేది నేను చాలాసార్లు చూశాను. సందులో ఒక స్క్రూనో మేకునో పెట్టి సుత్తితో కొడతారు. బండి స్టార్ట్ అవుతుంది, అందరూ సంతోషిస్తారు. చుట్టూతా తాకాల్సిన క్లాంపు అప్పుడు రెండు మూడు చోట్ల మాత్రమే తాకుతోంది. సుత్తి దెబ్బకు కొమ్ము అడుగున సీలు కదులుతుంది, కొన్ని వారాల్లో అక్కడి నుంచే పచ్చటి చిలుము పాకడం మొదలవుతుంది. సరైన మందు చౌకైనదే: సన్న కొమ్ము మీద తొడిగే సీసపు టోపీ, లేదా సరైన కొలత క్లాంపు. రెండూ బ్యాటరీ దుకాణాల్లో దొరుకుతాయి.

విజయవాడ, రామగుండం ఎండల్లో బ్యాటరీలోని నీరు త్వరగా తగ్గుతుంది, ఆమ్లపు తుంపర కూడా ఎక్కువే. చలిదేశంలో టెర్మినల్ లోపం చలికాలం మొదటి ఉదయాన బయటపడితే మన దగ్గర వేసవిలో ముదిరి వానాకాలంలో బయటపడుతుంది. ఏప్రిల్ రాకముందు ఒకసారి, వానలు మొదలయ్యాక ఒకసారి బానెట్ ఎత్తి, క్లాంపును చేత్తో పట్టుకుని తిప్పి చూడండి. చేతికి కదిలిందంటే అతుకు వదులైనట్టే. పదో నంబరు స్పానర్ తీసుకుని, మైనస్‌తో మొదలుపెట్టండి.